తొంభై రోజుల పెరడు



మా వరికుంటపాడు, ఉదయగిరి, దుత్తలూరు వైపు మెట్ట పల్లెలకు వలస కొత్త కాదు. వానలు మొహం చాటేసిన ఏడాది జనం కోతలకని డెల్టాకు పోయేవాళ్ళు. ఆ తర్వాత కువైట్ విమానం ఎక్కారు. ఇప్పుడు ఇంకో రకం వలస మొదలైంది. రోహిణి కార్తె వచ్చేసరికి అరవై దాటిన అమ్మానాన్నలు పెట్టెలు సర్దుకుని, కొడుకో కూతురో ఉన్న దేశానికి బయలుదేరుతున్నారు. కూలికీ కాదు, చదువుకూ కాదు. ఊరికే ఉండి రావడానికి. ఆ ఉండటం ఎట్లా ఉంటుందో, ఉన్నన్నాళ్ళూ ఏం చేసుకోవచ్చో ముందుగా చెప్పేవాళ్ళు తక్కువ. నేను బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. మా అబ్బాయి ఇటలీలో పాడోవా అనే ఊళ్ళో ఉంటాడు. ఆ ఊరి ఎండాకాలాలు కొన్ని చూశాను గనక, ఆ ముచ్చట్లు మీతో పంచుకుంటాను.

ముందు లెక్క సంగతి. చూడటానికి ఇచ్చే వీసా మీద ఇటలీలాంటి యూరప్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా ఉంటేనే వీసా ఇస్తారు. 90 రోజులంటే మన మెట్ట రైతుకు వెంటనే తోచేది మినుము. విత్తి, కలుపు తీసి, కోసి, నూర్చి, గింజ ఇంటికి చేర్చుకునేంత కాలం అది. ఈ మాట విమానంలో తోచిందో, అక్కడి బాల్కనీలో ఖాళీ కుండీలు చూసినప్పుడు తోచిందో గుర్తులేదు గానీ, నా వేసవి మొత్తం ఆ లెక్కమీదే నడిచింది.

పాడోవా వెనిస్‌కి రైలులో అరగంట దూరం. యూనివర్సిటీ ఊరు. ఆ యూనివర్సిటీ 1222లో పుట్టింది. గెలీలియో 1592 నుంచి 1610 దాకా అక్కడే లెక్కలు చెప్పాడు. ఎలెనా కొర్నారో పిస్కోపియా అనే ఆమె 1678లో అక్కడే డాక్టరేట్ పట్టా పుచ్చుకుంది. అలాంటి పట్టా అందుకున్న మొదటి ఆడమనిషిగా ఆమెను చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ ఊరి వీధి అరుగుల నీడన నడుస్తుంటే మధ్య మధ్య తెలుగు వినబడుతుంది. ఇంగ్లిషులో చెప్పే కోర్సులు, చదువుకునే పిల్లలకు అక్కడి ప్రాంతీయ ప్రభుత్వమిచ్చే స్కాలర్‌షిప్పులు, వీటికోసం మన రెండు రాష్ట్రాల పిల్లలు ఇటలీ దారి పట్టారు.

ఎండ తప్పించుకోవడానికి పోయానని అనుకునేరు. అదేం లేదు. పాడోవా ఉన్నది పో నది మైదానంలో. జులైలో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. గాలి కదలదు, చెమట ఆరదు. మన నెల్లూరు ఉక్కపోతే! దానికి తోడు ఇళ్ళల్లో పైకప్పుకు ఫ్యాను ఉండదు. చలికాలపు వేడి బయటికి పోకుండా కట్టిన గోడలాయె, ఎండాకాలపు వేడినీ పోనివ్వవు. 2003 వేసవిలో యూరప్ అంతటా వేలమంది ముసలివాళ్ళు ఆ వేడికే పోయారు. అందుకని అక్కడి పెద్దవాళ్ళు ఒక పద్ధతి పాటిస్తారు. పొద్దున్నే కిటికీల చెక్క తలుపులు బిగించేస్తారు. ఇల్లంతా చీకటి. మళ్ళీ ఎండ పూర్తిగా వాలాకే తెరుస్తారు. చిన్న కొట్లు మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తీస్తారు. మా పెంకుటింట్లో మా నాయనమ్మ పదిగంటలకల్లా తలుపులు దగ్గరికేసి, గుమ్మానికి తడి గోనెపట్టా వేలాడదీసేది. పిల్లలం గొణుక్కునేవాళ్ళం. అక్కడికి పోయినాక మా అబ్బాయి గొణుగుతుంటే నేను తలుపులు మూశాను.

ఇక పొద్దు. జూన్‌లో అక్కడ రాత్రి 9 గంటలకు గానీ సూర్యుడు దిగడు. భోజనం చేసి చెయ్యి కడుక్కున్నా బయట వెలుతురే. ఈ వెలుతురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా పెరటి కథంతా దీంట్లోనే ఉంది.

మనవాళ్ళు పెట్టెలో మొదట కుక్కేది ఊరగాయ, తర్వాత విత్తనాలు. సొర, బీర, చిక్కుడు గింజలు చీరల మడతల్లో దోపుతారు. అది కుదరదు. 2019 డిసెంబరు 14 నుంచి యూరోపియన్ యూనియన్‌లో నియమం గట్టిపడింది. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మొక్కలు, విత్తనాలు, పళ్ళు, కాయగూరలు తెస్తే వాటికి చీడపీడలు లేవని ప్రభుత్వమిచ్చిన పత్రం ఉండాలి. అయిదింటికి మాత్రం మినహాయింపు: అరటిపండు, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరం, దురియన్. అంటే దేవుడికి కొట్టే కొబ్బరికాయ పట్టుకుపోవచ్చు, బీర గింజ పట్టుకుపోకూడదు. నియమం మంచిదే. ఒక దేశపు పురుగు ఇంకో దేశపు తోటలో దిగితే ఏమవుతుందో మన బత్తాయి రైతును అడిగినా చెబుతాడు.

అందుకని అక్కడ దొరికేదానితోనే మొదలుపెట్టాలి. స్టేషను దగ్గర బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లున్నాయి. అక్కడి మెంతులు, ధనియాలు, ఆవాలు కూరలోకి అమ్మినవే అయినా, పాతబడనివైతే చక్కగా మొలుస్తాయి. ధనియాలను అరచేతి కింద నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, అంతే. పుదీనా కట్ట కొంటే నాలుగు కాడలు గ్లాసు నీళ్ళల్లో వేసి వేళ్ళు వచ్చాక నాటుకోవచ్చు. బెండ, గోంగూర విత్తనాలు అక్కడి విత్తన కంపెనీల నుంచే తెప్పించాడు మా అబ్బాయి. వంకాయ గింజనుంచి మొదలుపెడితే కాపు చూసేలోపు వీసా అయిపోతుంది. సంతలో నారు అమ్ముతారు, అది కొనాలి. మెంతికూర, తోటకూర నెల తిరక్కుండా చేతికొస్తాయి. బెండ నలభై అయిదు, యాభై రోజులకు మొదటి కాయ ఇస్తుంది. సొర మీద ఆశ పెట్టుకోవద్దనే నా సలహా. తీగకు చోటు చాలదు, కాపుకు కాలం చాలదు.

ఇప్పుడు వెలుతురు దగ్గరికి వస్తాను. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి తన బాల్కనీలో చిక్కుడు తీగ పాకించాడు. తీగ కటకటాలంతా కమ్మేసింది. ఆకు చూస్తే కళ్ళు చల్లబడతాయి. పూత మాత్రం లేదు. వాళ్ళమ్మకు ఫోన్ చేస్తే దిష్టి తగిలిందని చెప్పి, ఎండుమిరపకాయలు తిప్పి పడెయ్యమన్నదట. నేను చూసి నవ్వాను. మన చిక్కుడు పగలు కురచైతేనే పూతకొస్తుంది. అందుకే మన దగ్గర చలికాలం మొదట్లో పూసి సంక్రాంతికి కాయలతో వంగిపోతుంది. మన ఊరు 15 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో కూడా పగలు 13 గంటలకు మించదు. పాడోవా 45 డిగ్రీల మీద ఉంది. అక్కడ జూన్ పగలు పదిహేనున్నర గంటలు. ఆ మొక్క సెప్టెంబరు దాకా కాలం రాలేదనుకుంటుంది. కాలం వచ్చేసరికి చలి వచ్చి చంపేస్తుంది. గోంగూరకూ ఇదే గుణముంది, కాని అక్కడ అది మనకు లాభం. మనకు కావలసింది ఆకు. పూత ఊసే లేకుండా ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది. నా జన్మలో అంత లేత గోంగూర మెట్టలో చూడలేదు. పులుపు కొంచెం తక్కువ, అది ఒప్పుకోవాలి.

ఖర్చు లేకుండా దొరికే కూరలు ఇంకా రెండున్నాయి. ఆ ఊరి కుండీల్లో, కాలిబాట పగుళ్ళల్లో, కూరగాయల మళ్ళ గట్ల మీద వేసవిలో దట్టంగా మొలిచే కలుపుమొక్క గంగవాయిలి. మన పప్పులో వేసుకునేదే. తోటకూర జాతి కలుపైతే మొక్కజొన్న చేల పక్కన మోకాలెత్తు పెరుగుతుంది. వాళ్ళు పీకి పారేస్తారు. నేను పారేసినవాటిలోంచి ఏరుకుంటుంటే మా అబ్బాయికి సిగ్గు. రోడ్డు పక్కన కుక్కలు తిరిగే చోట కోయొద్దని మాత్రం నేనూ చెబుతాను.

మేమున్న భవనంలో కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటుంది. నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. ఆమెకు ఇంగ్లిషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. మా ఇద్దరి స్నేహం తగాదాతో మొదలైంది. తగాదా దేనిమీదంటే బసీలికో మొక్క మీద. అది తులసికి అక్కచెల్లెలు, మనం రుద్రజడ అంటాం. ఆ దేశంలో బసీలికో కుండీ లేని వంటింటి కిటికీ ఉండదు. ఆకుకోసమే పెంచుతారు. కంకి వేయబోతే గిల్లేస్తారు. కంకి వేసిందంటే ఆకు ముదిరి చేదెక్కుతుంది, మొక్క పని అయిపోయిందని వాళ్ళ లెక్క. నేను ఒక మొక్కను కంకికి వదిలేశాను. ఆవిడ మెట్లమీంచి చూసి, ఆపుకోలేక పైకి వచ్చి, నా కళ్ళముందే రెండు కంకులు గిల్లేసింది. నాకు ఒళ్ళు మండింది. మిగిలిన కంకులు ఎండాక దులిపి, గింజలు గ్లాసు నీళ్ళల్లో వేసి చూపించాను. కాసేపటికి ఒక్కో గింజ చుట్టూ తెల్లని జిగురు ఊరింది. సబ్జా! ఎండాకాలం మన వీధి షర్బతుల్లో వేసేది అదే మొక్క గింజ. నిమ్మరసం, పంచదార కలిపి ఇచ్చాను. ఆవిడ అనుమానంగానే తాగింది. తరతరాలుగా ఆ మొక్కను పెంచుతూ గింజ ఎందుకూ పనికిరాదనుకున్నారు వాళ్ళు. మనమేమో గింజ తాగుతాం, ఆకు వాసన చూసి వదిలేస్తాం. ఆ రోజునుంచి రెండు కుండీలు పెట్టాం. ఒకటి ఆవిడ ఇష్టం, ఒకటి నా ఇష్టం.

ఆవిడ చేతిలో ఇంకో ఆస్తి ఉంది, ఒక కూరగాయల మడి. ఇటలీలో చాలా మునిసిపాలిటీలు ఊరి అంచున ఖాళీ స్థలాన్ని చిన్న చిన్న మళ్ళుగా విడగొట్టి, కూరగాయలు పండించుకోమని ఊరివాళ్ళకు ఇస్తాయి. ముందు వరసలో ఉండేది పెన్షనర్లు. అమ్ముకోకూడదు, ఇంట్లోకి వాడుకోవాలి. సాయంత్రం ఆరు తర్వాత అక్కడికి పోతే మన రచ్చబండే. టమాటాకు ఊతకర్ర ఎంత ఎత్తుండాలి అన్నదాని మీద గంట వాదిస్తారు. ఇలాంటి మళ్ళు మన పట్నాల్లో లేకపోవడం నాకు అర్థం కాని సంగతి. నెల్లూరులో రిటైరై అపార్టుమెంట్లలో ఇరుక్కున్న రైతుబిడ్డలు ఎంతమంది లేరు!

ఆ తోటలకు మూడు శత్రువులున్నాయి. ఒకటి దోమ. ఒంటిమీద తెల్ల చారలుండే టైగర్ దోమ ఆ దేశానికి 1990లో జెనోవా ఊళ్ళో మొదట కనబడింది, మరుసటి ఏడాది పాడోవా ప్రాంతంలో. అమెరికా నుంచి తెచ్చిన పాత టైర్లలో గుడ్లు వచ్చాయి. 2007లో ఇదే దోమ రవెన్నా దగ్గర రెండు పల్లెల్లో చికున్‌గున్యా అంటించింది. 200 మందికి పైగా మంచం పట్టారు. యూరప్‌లో ఆ జబ్బు అక్కడి దోమలతోనే పాకడం అదే మొదటిసారి. మొదటి రోగి కేరళ నుంచి వచ్చిన ప్రయాణికుడు. కాబట్టి మునిసిపాలిటీ వాళ్ళు కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వొద్దని ప్రతి వేసవీ ఉత్తర్వులు వేస్తారు. మనమైతే ఆ నీళ్ళు మొక్కకు మంచిదని వదిలేస్తాం. అక్కడ ఆ పని చేయకండి.

రెండోది వడగళ్ళు. మనకు మామిడి కాపు మీద పడే ఆ చిన్న రాళ్ళు కావు. 2023 జులై 19న పాడోవా జిల్లాలోనే కార్మిన్యానో ది బ్రెంతా అనే ఊళ్ళో 16 సెంటీమీటర్ల గడ్డ పడింది. అయిదు రోజులకే, 24న, పక్క ప్రాంతంలోని అజ్జానో దేచిమోలో 19 సెంటీమీటర్లది పడి యూరప్ రికార్డయింది. కార్ల అద్దాలు, ఇళ్ళ పెంకులు పగిలిపోయాయి. మబ్బు పచ్చగా కమ్మితే అక్కడివాళ్ళు బట్టలకంటే ముందు కుండీలు లోపలికి తెస్తారు.

మూడోది మనకు బాగా తెలిసినది, నీటి కరువు. 2022లో పో నది 70 ఏళ్ళలో ఎన్నడూ లేనంతగా ఎండిపోయింది. జులై 4న ప్రభుత్వం ఉత్తరాన అయిదు ప్రాంతాల్లో అత్యవసర పరిస్థితి ప్రకటించింది. చాలా ఊళ్ళల్లో కొళాయి నీళ్ళు తోటలకు పెట్టొద్దన్నారు. నది అడుగున రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు బయటపడింది. అలాంటి కాలానికి మెట్టవాళ్ళ చేతిలో విద్య ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి సాయంత్రం పోయడం, మొక్క మొదట్లో ఎండాకు పరచి తేమ ఆరకుండా చూడటం. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన మనకు ఇది ఒకరు నేర్పాలా?

పెరటి మాటలు ఇంతటితో ఆపి ఊరు చూపిస్తాను. నా మటుకు నాకు ఊరు చూడటం పెరడు తర్వాతే మొదలైంది. కుండీలో మట్టి వేశాకే ఆ ఊళ్ళో చూడవలసినవేవో తెలిశాయి.

మొదటిది యూనివర్సిటీవారి మొక్కల తోట. 1545లో వెనిస్ సెనేట్ వేయించింది. వేసిన చోటే ఇవాళ్టికీ ఉన్న యూనివర్సిటీ తోటల్లో ప్రపంచంలో పాతది ఇదే. యునెస్కో 1997లో గుర్తింపు ఇచ్చింది. ఎందుకు వేశారనుకున్నారు? ఆ రోజుల్లో మందుమొక్కల పేరుతో నకిలీ వేర్లు, ఆకులు అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. వైద్యం చదివే పిల్లలకు అసలు మొక్క ఏదో, దానిలాగే ఉండే విషపు మొక్క ఏదో కళ్ళతో చూపించాలని ఫ్రాంచెస్కో బోనఫేదే అనే ప్రొఫెసరు పట్టుబట్టాడు. తోట వేసిన కొద్దికాలానికే రాత్రిళ్ళు దొంగలు పడి మొక్కలు ఎత్తుకుపోవడంతో చుట్టూ గుండ్రంగా గోడ కట్టారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. లోపల 1585లో నాటిన తాటిజాతి మొక్క ఒకటి గాజు గదిలో బతికే ఉంది. 1786లో జర్మన్ కవి గోతే దాన్ని చూశాడు. ఒకే చెట్టుకు కింద ఆకు ఒక తీరుగా, పైన ఆకు ఒక తీరుగా ఉండటం చూసి, మొక్క అవయవాలన్నీ ఆకు మార్పులేనని ఆలోచన చేసి 1790లో పుస్తకం రాశాడు. నలభై మంది పిల్లలకు నల్లబల్ల మీద ఆకు బొమ్మ గీసి చెప్పిన పాఠం అది. అసలు ఆకు ముందు నిలబడితే కాళ్ళు కదల్లేదు.

మనకూ అలాంటి తోట ఒకటి ఉండేది. స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బరో 1780లలో సామర్లకోటలో మిరియం మొదలు నానారకాల మొక్కలు పెంచి, మన చిత్రకారులచేత బొమ్మలు వేయించి, కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద పుస్తకాలు వెలువరించాడు. మొక్కలకు మన పల్లెల్లోని తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. ఆ పుస్తకాలున్నాయి, తోట లేదు.

ఊరి నడిబొడ్డున కూరగాయల సంతకూ పండ్ల సంతకూ మధ్య పాత న్యాయస్థానపు భవనం ఉంది. పైన బ్రహ్మాండమైన హాలు. అందులో ఒక మూల నల్లరాతి దిమ్మె ఉంది. అప్పు తీర్చలేనివాడు అక్కడికి వచ్చి, చొక్కా, లోబట్ట తప్ప తక్కినవి విప్పి, జనం ముందు మూడుసార్లు ఆ రాయి మీద చతికిలబడి, ఆస్తి వదులుకుంటున్నానని లాటిన్‌లో చెప్పి ఊరు విడిచిపోవాలి. అంతకుముందు అప్పుపడ్డవాణ్ణి జైల్లో పెట్టేవారట. 1231లో అంతోనీ అనే సన్యాసి, ఇప్పుడు ఆ ఊరి ఇలవేల్పు, వాళ్ళ తరఫున మాట్లాడి జైలు తప్పించాడని చెబుతారు. ఆ రాయి దగ్గర విదేశీయులు నవ్వుకుంటూ ఫొటోలు దిగుతారు. నాకు నవ్వు రాలేదు. కలిగిరి పొగాకు వేలంలో ధర పడిపోయిన ఏడాది మా వైపు ఎందరు ఐ.పి. పెట్టారో, ఎందరు రాత్రికి రాత్రి ఊరు దాటారో చూసినదాన్ని.

అక్కడికి పది నిమిషాల నడకలో స్క్రొవేన్యీ చాపెల్ ఉంది. ఎన్రీకో స్క్రొవేన్యీ కట్టించాడు. అతని తండ్రి పేరుమోసిన వడ్డీ వ్యాపారి, ఎంత పేరంటే దాంతే కవి తన కావ్యంలో అతన్ని నరకంలో కూర్చోబెట్టాడు. కొడుకు కట్టించిన ఆ గుడి గోడల నిండా జొత్తో అనే చిత్రకారుడు 1305 నాటికి బొమ్మలు వేశాడు. మనుషులు ఏడిస్తే నిజంగా ఏడ్చినట్టుంటుంది. పైకప్పంతా నీలం, నక్షత్రాలు. ఒక్కో విడతలో పాతికమందినే పోనిస్తారు. అంతకుముందు పదిహేను నిమిషాలు చల్లని గాజు గదిలో కూర్చోబెడతారు, మన ఒంటి తేమ, దుమ్ము బొమ్మలకు తగలకూడదని. టికెట్ ముందే కొనిపెట్టుకోవాలి. ఒకే ఊళ్ళో అప్పుపడ్డవాడికి రాయి, అప్పిచ్చినవాడి కొడుక్కి ఆ నీలాకాశం. గైడ్లు ఈ రెండూ కలిపి చెప్పరు. నేను చెబుతాను.

ఊరి చుట్టూ కోటగోడ ఉంది. 1509లో మాక్సిమిలియన్ చక్రవర్తి సేనలు పాడోవాను ముట్టడించి లొంగదీయలేక వెనక్కిపోయాయి. మళ్ళీ అలాంటి గండం రాకూడదని వెనిస్‌వాళ్ళు 1513లో కొత్త గోడ మొదలుపెట్టారు. సరిగ్గా ఆ ఏడాదే ఇక్కడ శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గం కింద దండు దించాడు. గజపతుల చేతిలోని ఆ కొండ లొంగడానికి ఏడాదిన్నర పట్టింది. 1514లో దుర్గం చిక్కాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ గుడి హంపిలో ఉంది. విగ్రహం మద్రాసు మ్యూజియానికి చేరింది. పాడోవా గోడ పొడవు 11 కిలోమీటర్లు. దాని వెంట చెట్లు, బెంచీలు, నడకదారి, సాయంత్రమైతే కుర్రాళ్ళ పరుగులు. మన దుర్గం 3,000 అడుగుల పైచిలుకు ఎత్తు, కోటలు, మసీదులు, గుళ్ళు, పైన చెరువులు. చూడాలంటే నీళ్ళ సీసా మనమే మోసుకుని, దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని పోవాలి. మా అబ్బాయి స్నేహితులు ఇటాలియన్ పిల్లలు ఫొటోలు చూసి, ఇక్కడికి రావాలంటే ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి అని అడిగారు. ఏం చెప్పను?

మా అబ్బాయి వారం వారం వెనిస్ అంటాడు. వెనిస్ బాగుంటుంది, కాదనను. ఆగస్టులో ఆ వంతెనల మీద తిరునాళ్ళ తొక్కిడి. నాకైతే బస్సెక్కి కియోజ్జా పోవడం ఇష్టం. ఉప్పుకయ్య ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. కూరగాయలకూ పేరున్న ఊరు. కోస్తే లోపల తెలుపూ గులాబీ వలయాలుండే బీట్‌రూట్, ఎర్రగా బంతిలా చుట్టుకునే చేదు ఆకుకూర, రెండూ ఆ ఊరి పేరుతోనే అమ్ముతారు. పక్కనే సోత్తోమరీనా సముద్రతీరం. మన మైపాడులా ఇసుక, కాని ఇసుకంతా గొడుగులు, కుర్చీలు, వాటికి అద్దె కట్టాలి. నికోలో దె కోంతి అనే వర్తకుడు ఈ కియోజ్జా మనిషే. 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. ఊరి చుట్టుకొలత అరవై మైళ్ళని చెప్పాడు. పాతికేళ్ళు పరాయి దేశాల్లో తిరిగి, అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కని, తిరుగుదారిలో ఈజిప్టులో భార్యను, ఇద్దరు పిల్లల్ని ప్లేగుకు పోగొట్టుకుని ఇల్లు చేరాడు. బతుకుకోసం మతం మార్చుకున్నందుకు పోపు క్షమించాడు, చూసినదంతా తన కార్యదర్శికి చెప్పి రాయించాలని షరతు పెట్టాడు. విజయనగరం గురించి యూరప్‌వాళ్ళ తొలి రాతల్లో ఒకటి అట్లా వచ్చింది. ఆ రోజుల్లో మన ఉదయగిరి ఆ రాజ్యంలో ఒక సీమ.

ఆగస్టు వచ్చిందంటే ఊరు ఖాళీ అయిపోతుంది. 15వ తేదీ వాళ్ళకు ఫెర్రగోస్తో పండగ, అగస్టస్ చక్రవర్తి కాలం నుంచి వస్తున్న సెలవు. ఆ ముందూ వెనకా కొట్లకు తాళాలు, తాళాల పక్కన సెలవుల చీటీలు. జనమంతా సముద్రానికో కొండలకో పోతారు. అప్పుడు తాళంచెవులూ కుండీలూ చేతులు మారతాయి. ఊళ్ళో మిగిలేది సెప్టెంబరు పరీక్షలకు చదివే పిల్లలు, పనులకు పోయే పరదేశులు. మన పిల్లలు పొద్దున జెండా పట్టుకుని పార్కులో కలుసుకుంటారు, పులిహోర తింటారు. సాయంత్రం మా మెట్లమీది ఆరిళ్ళ కుండీలకూ నీళ్ళు పోసేది వాళ్ళే. నేను బయలుదేరేముందు బెండ మొక్కల్ని వాళ్ళకు అప్పజెప్పి వస్తాను. కోస్తేనే కాస్తుంది, ముదరనివ్వొద్దని చెబుతాను. ముదిరాక ఫొటో పంపి ఏం చేయాలని అడుగుతారు.

కింద వాటా ఆవిడతో లెక్క ఇంకొకటుంది. ఆ ప్రాంతంవాళ్ళకు పోలెంతా అని మొక్కజొన్న పిండితో గెలికే సంకటి ఉంది. ఒకప్పుడు అక్కడి పేద కూలీలకు మూడుపూటలా అదే తిండి. దానివల్ల చర్మం పగిలి, మతి తప్పే పెలాగ్రా జబ్బు ఊళ్ళకు ఊళ్ళను పీడించింది. మొక్కజొన్నలో ఉన్న బి విటమిన్ ఒకటి ఒంటికి అందకపోవడమే కారణం. అదే జబ్బు మన దక్కనులో జొన్న తిండి మీద బతికే కూలీల్లో కనబడితే, హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో దానిమీద పరిశోధన చేశారు. ఈ సంగతి ఆవిడకు సైగలతో, ఫోనులో అనువాదంతో చెబితే వాళ్ళ అమ్మమ్మ చేతుల గురించి చాలాసేపు చెప్పింది.

నేను పోయినప్పుడు ఉదయగిరి కొయ్య గరిటెలు పట్టుకుపోయాను. కొండ మీది నార్ది, కల్దీ, బిక్కి కొయ్యలతో అక్కడి కుటుంబాలు చేతితో చెక్కేవి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడకు ఒకటిస్తే తిప్పి తిప్పి చూసి, కాడ పొట్టిదని తేల్చింది. పోలెంతా ముప్పావుగంట ఆపకుండా కలపాలట, పొట్టి కాడైతే ఆవిరికి చెయ్యి కాలుతుందట. మూర పొడుగు కాడ, అంచు పలకగా ఉండాలని కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. ఆ కాగితం ఉదయగిరిలో ఇచ్చాను. కొలత లేకుండా బొమ్మ చూసి చెయ్యలేమన్నారు, రెండు రకాలు చేస్తాం నచ్చింది తీసుకోమన్నారు. రెండూ పట్టుకుపోతాను. వచ్చే రోహిణికి బీమా కాగితాలు కూడా సిద్ధం చేసుకోవాలి.